పచ్చ బోర్డు

తన కోసం వేసిన కుర్చీ మీద చేతిసంచి పెట్టేసి, జిగురు మళ్ళీ ఆ కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది ఎన్నోసారో లెక్కపెట్టడం తలుపు దగ్గరున్న కానిస్టేబులు ఎప్పుడో మానేశాడు.

జిగురు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఇంట్లో ఒక వెండిగ్లాసు పోతే, అది ఎవరు తీశారో తేలేదాకా ఆమె ఎవరినీ నిద్రపోనివ్వలేదు. "అంటుకుందంటే వదలదురా బాబూ" అని మామగారు విసుక్కుని పెట్టిన పేరది. తర్వాత ఆమె డిటెక్టివ్ పనిలోకి దిగింది. పేరు ఇంట్లోంచి బజారు దాకా పాకింది. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళొచ్చినా కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే బుర్ర కూడా కూర్చుంటుందని ఆమె నమ్మకం.

"మేడమ్, ఎన్ని ప్రదక్షిణాలు చేసినా అది వరమివ్వదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇన్‌స్పెక్టరు ఆమెకు సొంత మరిది. కానిస్టేబుళ్ళ ముందు మేడమ్ అంటాడు, వాళ్ళు దూరంగా ఉంటే వదినా అంటాడు. కోపమొస్తే ఏది ఎక్కడ అనాలో మర్చిపోతాడు.

పోలీసు షెడ్డు మధ్యలో ఉన్నది యాభై ఏళ్ళ నాటి కారు. నిన్న మధ్యాహ్నం దాకా అది నిమ్మపండు రంగులో నిగనిగలాడింది. ఇప్పుడు ముందుభాగం నలిగి, ఒళ్ళంతా ఎండిన బురదతో, తన్నులు తిన్న దున్నపోతులా ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని యజమానిని ర్యాలీలో అందరూ బావగారనేవాళ్ళు. పక్క సీట్లో కూర్చుని దారి చదివే బామ్మర్ది మైలు దూరం వినపడేలా "బావా, కుడి... బావా, ఎడమ" అని అరిచేవాడు కాబట్టి, ఆయన అందరికీ బావగారే అయిపోయాడు. బావాబామ్మర్దులిద్దరూ మూడేళ్ళు కష్టపడి, తుక్కులో దొరికిన ఈ బండిని నిలబెట్టి, పాత కార్ల ర్యాలీకి తెచ్చారు.

నిన్న మధ్యాహ్నం అడవిదారిలో మూడో స్టేజి. స్టేజి అంటే మామూలు జనం రాకుండా మూసేసిన రోడ్డు. అందులోకి కార్లని ఒకదాని వెనక ఒకటి రెండేసి నిమిషాల తేడాతో వదులుతారు. ఎవరి టైము వాళ్ళది. బావగారి కారు ఆ దారిలోకి వెళ్ళింది గాని, అటు చివర బయటికి రాలేదు. మలుపులో రోడ్డు దిగి, పక్కనున్న వాగు గుంటలో పడి కనిపించింది. బావగారు పోయాడు. బామ్మర్దికి తొడ ఎముక విరిగింది, ఇంకా మెలకువ రాలేదు. ర్యాలీ కమిటీ పొద్దున్నే ఒక నిమిషం మౌనం పాటించి, రెండో రోజు పోటీలు యథాప్రకారం జరుగుతాయని ప్రకటించేసింది. సాయంత్రానికి అందరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. జిగురు కాళ్ళు నిలవకపోవడానికి అసలు కారణం అదే.

"మళ్ళీ చెప్తున్నా వినండి" అన్నాడు మరిది. "స్టీరింగ్ కడ్డీని చక్రంతో కలిపే చోట ఒక నట్టు ఉంటుంది. అది తిరిగి ఊడిపోకుండా అడ్డంగా ఒక పిన్ను గుచ్చుతారు. ఈ బండికి ఆ పిన్ను లేదు. గుచ్చాల్సినవాడు ఇదిగో, వీడు."

వీడు అంటే గోడ పక్కన సంకెళ్ళతో నిలబడ్డ మెకానిక్కు. పొట్టిగా, బండగా ఉన్నాడు. రాత్రంతా లాకప్‌లో ఉన్నా చేతుల గ్రీజు వదల్లేదు.

"పిన్ను వేశావా?" అంది జిగురు.

"వేశాను."

"గట్టిగా చెప్పగలవా?"

"పొద్దున మొహం కడుక్కున్నావా అని అడిగినట్టుందమ్మా. కడుక్కున్నాను. సాక్షులెవరూ లేరు."

"నీకూ బావగారికీ గొడవేమైనా ఉందా?"

"రోజూ ఉండేది. ఇంజను మీద చెయ్యి వెయ్యొద్దంటే వినేవాడు కాదు. అలాంటి గొడవకి మనుషుల్ని చంపితే ఊళ్ళో మెకానిక్కులంతా జైల్లోనే ఉంటారు."

జిగురుకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం వెనక ఉన్న నట్టు దగ్గర టార్చి వేసింది. నట్టు మీదా, కడ్డీ మీదా, చుట్టుపక్కలంతా గుంటలోని బురద పట్టి ఎండిపోయింది. పిన్ను గుచ్చే కన్నం దగ్గర మాత్రం బురద పెచ్చులుగా రాలిపోయి, ఇనుము మీద రెండు కొత్త గీతలు తళతళమంటున్నాయి. ఆమె నట్టుని వేళ్ళతో తిప్పబోయింది. కదల్లేదు. మెకానిక్కు చెప్పిన పానా తెప్పించి ప్రయత్నించింది. అప్పటికీ గట్టిగా బలం పెడితే గాని కదల్లేదు.

"ఇలా వచ్చి చూడు" అంది మరిదిని. "పిన్ను లేని నట్టు అడవిదారిలో దడదడలాడుతూ వస్తే వదులవ్వాలి కదా. ఇది నా పెళ్ళినాటి ఉంగరంలా బిగుసుకుపోయింది. పైగా బురదంతా పట్టి ఉంది, కన్నం దగ్గర తప్ప. బురద పట్టాక ఎవరో పటకారుతో పిన్ను లాగారు. అంటే కారు పడ్డాక."

"పడ్డప్పుడు రాయికి గీసుకుని ఊడి ఉండొచ్చు."

"రాయికి రెండు దవడలుంటాయా?"

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. కానిస్టేబుళ్ళని టీ తాగి రమ్మని బయటికి పంపాడు. వాళ్ళు గడప దాటగానే గొంతు తగ్గించాడు.

"వదినా, నీకు దండం పెడతాను. మధ్యాహ్నం వీణ్ణి కోర్టులో పెట్టాలి. పైవాళ్ళకి రిపోర్టు పంపేశాను. నువ్విప్పుడొచ్చి రాయికి దవడలున్నాయా అంటే నేనేం చెప్పను?"

"పంపేముందు ఒకసారి నన్నడగాల్సింది."

"నిన్నా? నువ్వు పోలీసువి కాదు. బావగారి భార్య నీకు కేసు అప్పగించింది, అంతే. మెకానిక్కు మంచివాడని ఆవిడ నమ్మకం. నమ్మకాలతో కేసులు నడుస్తాయా?"

"నట్లతో నడుస్తాయి. మరి ఈ బెల్టుల సంగతేమిటి?"

ఆమె కారు లోపలికి వంగింది. రెండు సీట్లకీ భుజాల మీదుగా వచ్చే వెడల్పాటి బెల్టులున్నాయి. బామ్మర్ది వైపు బెల్టుల్ని రెండు చోట్ల కత్తిరించేశారు. అంచులు పీచుపీచుగా వేలాడుతున్నాయి. బావగారి వైపు బెల్టులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. నడుము దగ్గరి బకిల్ తిప్పి, పద్ధతిగా విప్పినట్టు రెండు పక్కలకీ పడి ఉన్నాయి. వెనక, స్పేరు టైరు మీద బావగారి హెల్మెట్ ఉంది. జిగురు దాన్ని తిప్పి తిప్పి చూసింది. పైన ఒక్క గీత లేదు. లోపలి మెత్త మీద చెమట మరక తప్ప నెత్తురు చుక్క లేదు.

"బావగారు దేనివల్ల పోయారన్నావు?"

"తల వెనక దెబ్బ. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ర్యాలీ డాక్టరు రాసిచ్చాడు. పోస్టుమార్టం రేపు."

"హెల్మెట్ పెట్టుకున్న తల పగిలింది, హెల్మెట్ పగల్లేదు. పక్కన బతికున్నవాడి బెల్టులు కోసి తీశారు. చనిపోయినవాడివి మాత్రం తీరిగ్గా విప్పారు. వింతగా లేదూ?"

"డాక్టరు విప్పాడేమో. హెల్మెట్ కూడా ఆయనే తీసి పక్కన పెట్టాడేమో. స్టేజి చివర చీపురు కారులో వెళ్ళింది ఆయనే కదా."

పోటీ కార్లన్నీ వెళ్ళాక, దారిలో ఎవరైనా చిక్కుకుపోయారేమో చూస్తూ వెనక వచ్చే బండిని వాళ్ళు చీపురు కారంటారు. అందులో స్ట్రెచరు, మందులు, రేడియో ఉంటాయి. మామూలుగా ఇద్దరు వెళ్ళాలి. నిన్న రెండోవాడు జ్వరమని రాలేదు. డాక్టరొక్కడే నడుపుకుంటూ వెళ్ళాడు.

"చివరి పోటీ కారు అటు చివర బయటపడ్డాక ఎంతసేపటికి డాక్టరు రేడియోలో చెప్పాడు?"

"దాదాపు అరగంట."

"చివరి కారు వెనకే వస్తున్నవాడికి అరగంటెందుకు పట్టింది?"

"బామ్మర్దికి తొడ విరిగి ఇరుక్కుపోయి ఉన్నాడు వదినా. ముందు మనిషిని కాపాడతాడా, రేడియో పట్టుకుని కబుర్లు చెప్తాడా? ఒక్కడే దిగి, బెల్టులు కోసి, ఇంజెక్షనిచ్చి, కట్టు కట్టాడు. ఆయన లేకపోతే రెండో శవం కూడా లేచేది. ఆ మనిషినా నువ్వు అనుమానిస్తున్నావు?"

ఆ మాటలో న్యాయముంది. జిగురు కాదనలేదు. "నేనెవరినీ అనలేదు. చివరి కారు వాళ్ళని అడిగావా?"

"అడిగాను. పచ్చ బోర్డు కనిపించింది, వెళ్ళిపోయామన్నాడు ఆయన. నా రోడ్డు నేను చూసుకున్నానన్నాడు."

"పచ్చ బోర్డంటే?"

"ఏదో ర్యాలీ గుర్తు. అడవిలో వందుంటాయి."

జిగురు సంచి అందుకుంది. "రెండు గంటలాగు. కోర్టు ఎక్కడికీ పారిపోదు."

"గంట" అన్నాడు మరిది. "అదీ మా అన్న మొహం చూసి."

*

స్కూటరు మీద ర్యాలీ మైదానానికి వెళ్తున్నంతసేపూ ఆమె మనసు కుదురుగా లేదు. పొద్దున బావగారి భార్య ఆసుపత్రి వరండాలో చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. ఆవిడ ఏడవలేదు. లోపల తమ్ముడు మత్తులో ఉన్నాడు, మార్చురీలో భర్త ఉన్నాడు. రెండు గదుల మధ్యా నడుస్తూ మాట్లాడింది. "బయల్దేరేముందు కూడా నవ్వుతూనే ఉన్నారమ్మా. ఈ పందెం అవనీ, ఆ డాక్టరు సంగతి తేలుస్తానన్నారు" అంది. బీపీ ఉంది, కార్లు నడపొద్దని చెప్పే డాక్టరొకడు ఆయనకుండేవాడట. ఆ మాట అతని గురించేనని ఆవిడా అనుకుంది, జిగురూ అనుకుంది.

మైదానంలో పాత కార్లు టార్పాలిన్ల కింద బారుగా నిలబడ్డాయి. ఒకరు టైర్లలో గాలి చూస్తున్నారు, ఇంకొకరు ఇంజను చెవిలో రహస్యం చెప్తున్నట్టు బానెట్ కింద తల దూర్చారు. అటు చివర స్టార్టు గీత దగ్గర కార్లు వరసకడుతున్నాయి. ముందున్నవి అప్పటికే స్టేజిలోకి దూకుతున్నాయి. ప్రతి రెండు నిమిషాలకీ ఒక ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది.

వరసలో ఆఖరున పదకొండో నంబరు కారుంది. దాన్ని నడిపేది అచ్చుయంత్రాలు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి. దారి చదివేది ఆయన భార్య, లెక్కల టీచరు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని, కారు తలుపులు తెరుచుకుని కూర్చున్నారు.

"ఇన్‌స్పెక్టరుగారికి చెప్పేశానండీ" అన్నాడు ఆయన, జిగురు తానెవరో చెప్పగానే. "పచ్చ బోర్డు కనిపించింది, ఆగలేదు. అంతకంటే నాకేం తెలీదు."

"నాకు ఆ బోర్డేమిటో తెలీదు. చెప్పండి."

టీచరు తలుపు జేబులోంచి ఒక అట్ట తీసింది. ఒక వైపు పచ్చ, రెండో వైపు ఎరుపు. "ప్రతి కారులోనూ ఒకటుంటుంది. దారిలో కారు పడిపోతే, మనుషులకేం కాకపోతే పచ్చ చూపించాలి. వెనక వచ్చేవాళ్ళు ఆగక్కర్లేదు. దెబ్బలు తగిలితే ఎరుపు. ఎరుపు చూసినవాడు పందెం వదిలేసి ఆగి తీరాలి."

"అయితే నిన్న ఆ మలుపులో పచ్చ బోర్డు ఎక్కడుంది? చెట్టుకి తగిలించారా?"

"పచ్చ అని ఆవిడ అంటే వెళ్ళిపోయాను, నేను చూడలేదు" అన్నాడాయన, స్టీరింగ్ వైపు చూస్తూ. "నా పని రోడ్డు చూడటం. పక్కనున్నవి చూడటం ఆవిడ పని."

"మరి మిమ్మల్నెవరూ అడగలేదా టీచరుగారూ?"

"లేదమ్మా. ఆ పోలీసాయన డ్రైవరెవరు అని అడిగి, ఈయనతో మాట్లాడి వెళ్ళిపోయాడు. కారులో మాత్రమే మా ఆయన నా మాట వింటారు. కారు బయట ఎవరూ వినరు." ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "అడక్కపోతే బాగుణ్ణని నిన్నటి నుంచీ అనుకుంటున్నాను."

"ఎందుకని?"

ఆమె అట్టని ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది. భర్త మెల్లిగా ఆమె మోచేతి మీద చెయ్యి వేశాడు.

"ఆయన చేతిలో ఉంది బోర్డు" అంది చివరికి.

"ఎవరి చేతిలో?"

"బావగారి చేతిలో. రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. హెల్మెట్ లేదు, ఆ తెల్లమీసం కనిపించింది. పచ్చ వైపు మాకు చూపించి, రెండో చేత్తో వెళ్ళండి, వెళ్ళండి అని ఊపారు. నవ్వారు కూడా. నేనూ చెయ్యి ఊపాను. లోపల ఎక్కడో దెబ్బ తగిలి నెత్తురు పోతోందని మాకేం తెలుసమ్మా? ఒక్క నిమిషం ఆగి ఉంటే..."

"పందెంలో చివర్న ఉన్నవాళ్ళం, ఆగితే కొంపలేం మునిగేవి కాదు" అన్నాడు భర్త. "రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు."

జిగురు కాళ్ళు ఉన్నట్టుండి కదలడం మానేశాయి. ఆ రోజు మొత్తం మీద ఆమె నిలకడగా నిలబడ్డది అప్పుడే.

"సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పండి. ఆయన తూలుతున్నారా? తల పట్టుకున్నారా?"

"లేదు. నిటారుగా ఉన్నారు. కింద గుంటలోకి చూస్తూ బామ్మర్దితో ఏదో అంటున్నారు, మా చప్పుడు విని ఇటు తిరిగారు. బామ్మర్ది చెయ్యి కిటికీలోంచి బయటికి కనిపించింది. ఆ చెయ్యి కూడా వెళ్ళమనే అంది."

అయితే బామ్మర్దికి అప్పటికి మెలకువ ఉంది. తొడ విరిగినా, తమ వల్ల స్టేజి ఆగిపోకూడదని వాళ్ళిద్దరూ అనుకుని ఉంటారు. వెనకే చీపురు కారు వస్తుందిగా, అందులో డాక్టరుంటాడుగా.

"మీ వెనక ఇంకెన్ని కార్లున్నాయి?"

"మా వెనక ఎవరుంటారమ్మా" అంది టీచరు. "ఎప్పుడూ మేమే ఆఖరు. మా తర్వాత చీపురు కారే."

అక్కడికక్కడే ప్రాణం పోయిందని రాసిచ్చిన మనిషి, నిలబడి నవ్వుతున్న మనిషిని చూశాడు. చూసి అరగంట మాట్లాడలేదు. బామ్మర్దికిచ్చిన ఇంజెక్షను మత్తు తెల్లారినా దిగలేదు. పిన్ను లాగే తీరిక అతనొక్కడికే దొరికింది. బీపీ డాక్టరు సంగతి తేల్చుకోవడానికి పందెం అయ్యేదాకా ఆగాల్సిన పనేముంది? పందెం అయ్యాక తేల్చాల్సింది పందెంలో ఉన్న డాక్టరు సంగతే.

"ఆయన గురించి బావగారు మీతో ఎప్పుడైనా ఏమైనా అన్నారా? ఈ ర్యాలీ డాక్టరు గురించి?"

భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. భర్త గొంతు సవరించుకున్నాడు. "పోయిన ర్యాలీలో ఒక కుర్రాడికి చెయ్యి విరిగితే ఈయన కట్టిన కట్టు చూసి బావగారికి అనుమానమొచ్చింది. డాక్టరు అలా కట్టడనేవారు. ఈయన పనిచేశానని చెప్పుకునే ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కున్నారట. అలాంటి మనిషే లేడన్నారట. ఆ సంగతి అతని మొహం మీదే అన్నారు గాని, పందెం మధ్యలో అల్లరి ఎందుకని ఆగారు."

"ఇప్పుడెక్కడున్నాడు అతను?"

"ఇవాళ రాలేదు. వేరే డాక్టర్ని పిలిపించారు. నిన్నటి పేషంటుని పెద్దాసుపత్రికి మార్చాలని ఫోను చేశాట్ట."

జిగురు అప్పటికే బావగారి భార్య నంబరు నొక్కుతోంది.

చాలాసేపు మోగాక ఆవిడ ఎత్తింది. వెనక ఇంజను మూలుగు, ఏదో గాజు గలగల.

"అమ్మా, నేను డిటెక్టివ్‌ని. ఆసుపత్రిలోనే ఉన్నారా?"

"లేదమ్మా. తమ్ముడికి కొంచెం మెలకువొచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మంచిదని డాక్టరుగారే ఆ చీపురు కారు తెచ్చారు. వెనక వాణ్ణి పడుకోబెట్టాం. నేను ముందు కూర్చున్నా."

జిగురు ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. మాట మాత్రం మామూలుగానే వచ్చింది. "నేను చెప్పేది వినండి. మొహం మార్చకండి. అవును, కాదు తప్ప ఏమీ అనకండి. నా మాట ఆయనకి వినపడుతోందా?"

"లేదు."

"రోడ్డు బాగుందా?"

"లేదు."

"రెండు పక్కలా చెట్లేనా?"

"అవును. ఇప్పుడే తెల్లవంతెన దాటాం."

పక్కనుంచి వింటున్న టీచరు జిగురు చెయ్యి పట్టుకుంది. "అది నిన్నటి స్టేజి దారి" అంది లోగొంతుకతో. "అటు ఏ ఆసుపత్రీ లేదు. అడవి దాటితే పాడుబడ్డ క్వారీ, అంతే."

ఇక మెత్తగా చెప్పే వ్యవధి లేదు. "అమ్మా, కారు పడ్డాక మీవారికి ఏమీ కాలేదు. రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపారు. చూసినావిడ నా పక్కనే ఉన్నారు. ఆ తర్వాత అక్కడికొచ్చింది ఇప్పుడు మీ పక్కనున్న మనిషి ఒక్కడే."

అవతల నుంచి ఆవిడ గొంతు వచ్చింది. పొరుగింటావిడతో మాట్లాడుతున్నట్టు, ఎక్కడా వణకకుండా.

"అలాగేలే. కంగారుపడకు. తాళం సంగతి నేను చూసుకుంటాను."

"ఎవరండీ ఫోను?" అని ఒక మగగొంతు మర్యాదగా అడగడం వినిపించింది. అంతే. సిగ్నల్ పోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

జిగురు మరిదికి చేసింది. "డాక్టరు" అనగానే అతను మొదలుపెట్టబోయాడు.

"గంట ఇంకా అవలేదు వదినా, అప్పుడే..."

"అక్కడికక్కడే చచ్చిపోయినవాడు నిలబడి చెయ్యి ఊపాడు. చూసిన సాక్షి నా పక్కనే ఉంది. ఇప్పుడు వాడు అక్కాతమ్ముళ్ళిద్దర్నీ నిన్నటి అడవిదారిలోకి తీసుకుపోతున్నాడు."

మరిది కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. "క్వారీ వైపు నుంచి వస్తున్నా. ఆవిడ నంబరు ఒకసారి చెప్పు. దారంతా చేస్తూనే ఉంటాను, తగిలిందంటే ధైర్యం చెప్తాను."

ఆమె నంబరు చెప్పింది. ఫోను పెట్టి స్కూటరు వైపు తిరిగింది.

"దాని మీద వెళ్తే తెల్లారుతుంది" అంది టీచరు. అప్పటికే హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించేసుకుంది. "ఇటు పొలాల్లోంచి ఒక బండిదారుంది. నిన్నటి స్టేజి మధ్యలో కలుస్తుంది. ఎక్కండి."

వెనక సీటు లేదు. స్పేరు టైరు, రెండు ఇనప కమ్మీలు ఉన్నాయి. జిగురు టైరు మీద చతికిలబడి కమ్మీని వాటేసుకుంది. ఇంజను అంటుకోగానే వాళ్ళ ముందున్న ఆఖరి కారు స్టేజిలోకి దూకింది. ఇక వంతు పదకొండుదే. గీత దగ్గరున్న స్టార్టరు జెండా ఎత్తి, రండి అని సైగ చేశాడు. పెద్దాయన స్టీరింగ్ పూర్తిగా రెండో వైపుకి తిప్పేశాడు.

"అటు కాదండీ, ఇటు" అని స్టార్టరు వెంటపడ్డాడు. "టైము మొదలైపోయింది, పందెంలోంచి తీసేస్తారు."

"తీసెయ్యనీ" అన్నాడు పెద్దాయన. ఎవరితో అన్నాడో తెలీదు. కారు కంచె పక్కనుంచి పొలాల్లోకి దిగింది.

గుంత వచ్చినప్పుడల్లా జిగురు తల కప్పుకి తగులుతోంది. మట్టి కిటికీల్లోంచి లోపలికి కొడుతోంది. ముందు సీట్లో టీచరు గొంతు మాత్రం పాఠం చెప్తున్నట్టు నిదానంగా సాగుతోంది. "ఎడమ, బిగువు మలుపు. నేరుగా పోనీండి. ముందు రాయి, కుడికి ఒత్తండి. ఇక్కడ అడవిదారిలో కలుస్తాం, బ్రేకు, బ్రేకు." ఆయన కిక్కురుమనకుండా ఆమె చెప్పినట్టల్లా చేశాడు. అడవిదారి ఎక్కగానే గేరు మార్చి, బండి ప్రాణం తోడేసినట్టు తొక్కాడు. జిగురు ఫోను తీసి చూసింది. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది.

దారి ఎత్తుకెక్కి ఒంపు తిరిగేసరికి చీపురు కారు కనిపించింది. రోడ్డు మధ్యలో అడ్డంగా ఆగి ఉంది. ముందు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి.

పెద్దాయన కారు ఆపేలోపే జిగురు దూకేసింది. ముందు సీట్లు ఖాళీ. నేల మీద ఒక సిరంజి, పగిలిన మందు సీసా. తాళం ఉండాల్సిన చోట తాళం లేదు. వెనక తలుపు లాగింది. స్ట్రెచరు మీద బామ్మర్ది ఉన్నాడు. పెదాలు పాలిపోయాయి, కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"అక్క..." అన్నాడు.

"అక్కేది బాబూ?"

"నాకు సూదెయ్యడానికి బండాపాడు. అక్క... తాళం లాక్కుని పరుగెత్తింది. వాడు వెనకాలే పోయాడు." అతను ఊపిరి కూడగట్టుకున్నాడు. "బావని వాడే. రాయితో. నేను చూశాను."

"ఎటు వెళ్ళారు?"

అతను తల కొంచెం కదిలించాడు. అది ఎటు వైపో అర్థం కాలేదు. రోడ్డుకి రెండు పక్కలా ఒకే అడవి, నడుము లోతు పొదలు. టీచరు స్ట్రెచరు దగ్గర కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. పెద్దాయన జాకీ రాడ్డు తెచ్చి జిగురుకిచ్చి, తనొక పెద్ద పానా తీసుకున్నాడు. పిలుద్దామని జిగురు నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. పిలిస్తే ఆవిడ పలుకుతుంది. పలికితే వాడికీ వినపడుతుంది. ఆవిడ ఎక్కడో పొదల్లో ఊపిరి బిగబట్టి దాక్కుని ఉంటే అదే మంచిది. చప్పుడు కాకుండా వెతకాలి. ముగ్గురూ అలా చెవులు రిక్కించి నిలబడ్డారు. ఎక్కడా ఆకు కదల్లేదు.

అప్పుడు కుడివైపు, దగ్గర్లోనే, పొదల్లోంచి ఒక ఫోను మోగడం మొదలైంది.

ఎవరు చేస్తున్నారో జిగురుకి వెంటనే తట్టింది. తన మరిది. సిగ్నల్ తగిలింది, ధైర్యం చెప్పడానికి చేస్తున్నాడు. ఆమె తన ఫోను తీసి అతనికి చేసింది. నంబరు బిజీ. అడవంతా వినపడేలా ఆ మోత సాగుతూనే ఉంది. ఆమె రాడ్డు బిగించి పట్టుకుని ఆ వైపు పరుగెత్తింది. పదడుగులు వేసిందో లేదో, తనకంటే ముందే అటువైపు పొదల్ని విరుచుకుంటూ పోతున్న ఇంకో మనిషి అడుగుల చప్పుడు వినిపించింది.

మోత మధ్యలో తెగిపోయింది.